జిమ్నీ 5 డోర్: స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచితే వెంట ఏమేం మారతాయి?

ఘాట్‌రోడ్

జిమ్నీ 5 డోర్, మాన్యువల్. టైర్లు కంపెనీవే, 195/80 ఆర్15. మారేడుమిల్లి, అరకు వైపు మట్టిదారులు, వాగులు దాటడం వరకే వాడకం. గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి పొట్ట రాసుకుంటోంది, అందుకే స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచాలనుకుంటున్నా. 40 మి.మీ. తీసుకోవాలా, 50 తీసుకోవాలా? పాత షాక్ అబ్జార్బర్లు ఉంచేయొచ్చా? తర్వాత ముందు ఇనుప బంపర్ పెట్టించాలని ఉంది, ఇప్పుడే గట్టి స్ప్రింగు కొనేస్తే మంచిదా? షాపులో అడిగితే "నాలుగు స్ప్రింగులు మార్చి సాయంత్రానికి తాళాలు ఇచ్చేస్తాం, ఇంకేం అక్కర్లేదు" అంటున్నారు.

షిమ్_వాషర్

సాయంత్రానికి ఇచ్చేయడం నిజమే. ఇంకేం అక్కర్లేదన్నదే నిజం కాదు.

ముందు స్ప్రింగు దేన్ని లేపుతుందో, దేన్ని లేపదో చూడండి. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. దాని మధ్యలో గేర్లుండే గుండు, డిఫరెన్షియల్ హౌసింగ్, చక్రాలతోపాటే కింద ఉంటుంది, కాబట్టి ఎంత పొడుగు స్ప్రింగు వేసినా దాని కింద ఖాళీ ఒక్క మి.మీ. కూడా పెరగదు. దాన్ని లేపేది టైరు మాత్రమే. స్ప్రింగు లేపేది ఛాసిస్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె), డీజిల్ ట్యాంకు... అదే, పెట్రోల్ ట్యాంకు, బంపర్లు. మీకు రాసుకునేది పొట్ట కాబట్టి స్ప్రింగే సరైన మందు.

ఇక 40, 50ల సంగతి. 3 డోర్‌కి వీల్‌బేస్ 2,250 మి.మీ., మన 5 డోర్‌కి 2,590. అందుకే అక్కడ 28 డిగ్రీలున్న బ్రేకోవర్ కోణం (పొట్ట రాసుకోకుండా ఎక్కి దిగగలిగే గట్టు కోణం) ఇక్కడ 24కి పడిపోయింది. 40 మి.మీ. లేపితే అది సుమారు 27.5 అవుతుంది, 50 లేపితే 28.5. ఆ చివరి 10 మి.మీ. వల్ల వచ్చేది ఒక్క డిగ్రీ. దానికోసం కాస్టర్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం), ప్రొపెల్లర్ షాఫ్ట్ (శక్తిని యాక్సిల్‌కి తెచ్చే కడ్డీ) కోణం, బ్రేకు గొట్టాల పొడవు అన్నీ హద్దు దాకా లాగాల్సి వస్తుంది. నా ఓటు 40కే.

వికారాబాద్_ట్రాక్స్

అన్నా, 50 జోలికి పోకు. 40 ఏస్కో, మంచి షాకులు ఏస్కో, అంతే. అనంతగిరి దిక్కు వానాకాలంల ఎర్రమట్టిల బండి దిగబడేది ఎత్తు లేక కాదు, టైరుకు పట్టు లేక. ముందుగాల ఏటీ టైర్లు (రోడ్డుకు, మట్టికి రెంటికీ పనికొచ్చేవి) ఎయ్, ఆ తర్వాత స్ప్రింగుల సంగతి చూడు.

డిఫ్‌లాక్

టైర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 195/80 ఆర్15 వ్యాసం 693 మి.మీ. 235/75 ఆర్15 వేస్తే 733. వ్యాసంలో 40 పెరిగితే డిఫరెన్షియల్ కింద పెరిగేది 20 మాత్రమే. మీటరు 100 చూపిస్తే అసలు వేగం దాదాపు 106 ఉంటుంది. 105 పీఎస్ ఇంజను, ఘాట్‌లో మూడో గేరు పనికి రెండో గేరు వెయ్యాల్సి వస్తుంది. స్ప్రింగు, టైరు రెండూ ఒకేసారి మార్చొద్దు. తర్వాత తేడా వస్తే దేని వల్లో తెలియదు.

షిమ్_వాషర్

బంపర్ ప్రశ్నకు వస్తా. స్ప్రింగు కొనేటప్పుడు అందరూ "ఎన్ని మి.మీ. లిఫ్ట్" అని అడుగుతారు. అడగాల్సింది "ఎంత బరువు మీద అన్ని మి.మీ." అని.

కాయిల్ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు తీగ 12 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 110, పనిచేసే చుట్లు 7 అనుకుంటే గట్టిదనం మి.మీ.కి 22 న్యూటన్లు వస్తుంది. చుట్లూ వ్యాసం అలాగే ఉంచి తీగ 13 చేస్తే 30 దాటుతుంది. ఒక్క మి.మీ. తీగకు 38 శాతం గట్టిదనం! పక్కపక్కన పెడితే కంటికి తేడా కూడా తెలియదు, వెర్నియర్ పెడితేనే తెలుస్తుంది.

ఇప్పుడు 45 కిలోల బంపర్ పెట్టారనుకోండి. ఒక్కో స్ప్రింగుకు 22.5 కిలోలు, అంటే 220 న్యూటన్లు. 22 గట్టిదనం ఉన్న స్ప్రింగు మీద ముందుభాగం 10 మి.మీ. దిగుతుంది. బంపర్ యాక్సిల్‌కి ముందు వేలాడుతుంది కాబట్టి అసలు దిగేది ఇంకాస్త ఎక్కువే. 40 లిఫ్ట్‌లో పావు వంతు పైనే పోయినట్టు.

అలాగని బంపర్ రాకముందే గట్టి స్ప్రింగు వేస్తే ముందు 40 బదులు 55, 60 లేస్తుంది, ముక్కు పైకి చూస్తుంది, రోడ్డు మీద కొడుతుంది. బంపర్ నిజంగా పెట్టించే ఉద్దేశం ఉంటే రెండూ ఒకేసారి చేయించండి. లేదంటే ఇప్పుడు మామూలు బరువు స్ప్రింగే తీసుకోండి.

ఇంకోటి: ఓల్డ్ మ్యాన్ ఎము, డాబిన్‌సన్స్, ఐరన్‌మ్యాన్ లాంటివాళ్ల జాబితాల్లో 3 డోర్ స్ప్రింగులు వేరే పార్ట్ నంబర్లతో ఉంటాయి. 3 డోర్ వెనక స్ప్రింగు 5 డోర్‌కి తగిలించొద్దు. మన బండి 1,200 కిలోలు, 3 డోర్ కంటే పెరిగిన బరువులో ఎక్కువ భాగం వెనకాలే.

నల్లరేగడి

షాకులు పాతవే ఉంచొచ్చా అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నాకూ అదే కావాలి. స్ప్రింగు మార్చే బదులు దాని కింద ప్లాస్టిక్ స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) పెడితే?

డిఫ్‌లాక్

స్పేసర్ పెట్టినా, కొత్త స్ప్రింగు పెట్టి పాత షాకు ఉంచినా చిక్కు ఒకటే. షాకు పూర్తిగా సాగినప్పటి పొడవు మారదు. బండి 40 లేచిందంటే కిందికి చక్రం వాలే జాగాలో 40 పోయింది. గోతిలో చక్రం దిగాల్సిన చోట షాకు "టక్" మని ఆగిపోతుంది, చక్రం గాల్లో వేలాడుతుంది. పొట్ట లేచినా చక్రం నేలను వదిలేస్తే ఏం లాభం! పైగా ప్రతిసారీ బరువంతా షాకు లోపలి పిస్టన్ మీద, కింది బుష్ మీద పడుతుంది. ముందు కారేది ఆ షాకే.

డ్యాంపింగ్ కూడా సరిపోదు. గట్టిదనం 38 శాతం పెరిగితే దాన్ని ఆపడానికి డ్యాంపింగ్ 17 శాతం దాకా పెరగాలి. పాత షాకుతో స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది.

పొడుగు షాకు వేసేటప్పుడు దాని కుదించిన పొడవు కూడా అడగండి. బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలకముందే షాకు అడుగంటితే పైమౌంటు విరుగుతుంది. అలా ఉంటే బంప్ స్టాప్‌ని కూడా కిందికి దించాలి. పేరున్న కిట్లలో ఈ లెక్క ముందే సరిచూసి ఉంటుంది. స్ప్రింగు ఒకరిది, షాకు ఇంకొకరిది కలిపేటప్పుడే దెబ్బతింటారు.

ఘాట్‌రోడ్

సరే, 40 స్ప్రింగు, దానికి జత షాకులు. పని జరిగేటప్పుడు పక్కన నిలబడి చూస్తా. ఏ వరసలో చేయాలి? ఎక్కడ తప్పు చేస్తారు?

డిఫ్‌లాక్

విప్పకముందే కొలతలు తీసుకోండి. నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా, ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో కూడా రాసుకోండి. స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు ఒక ఫొటో. ఇది లేకపోతే రేపు "40 రాలేదు" అని వాదించడానికి కూడా ఆధారం ఉండదు.

వెనకతో మొదలుపెట్టడం తేలిక. ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, వెనక నట్లు కొద్దిగా వదులు చేసి, డిఫరెన్షియల్ కింద జాకీతో లేపి, యాక్సిల్ స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాలి. స్టాండ్లు యాక్సిల్ కింద పెడితే యాక్సిల్ దిగదు, స్ప్రింగు రాదు. జాకీ మాత్రం యాక్సిల్ కిందే ఉండాలి, దాన్ని నెమ్మదిగా దించడానికి. ఒట్టి జాకీ మీద బండి ఉండగా ఎవరినీ కిందికి దూరనివ్వకండి.

షాకు కింది బోల్టులు విప్పాక యాక్సిల్‌ని దించుతూ పోతే స్ప్రింగు వదులై చేతికి వస్తుంది. జిమ్నీలో స్ప్రింగు, షాకు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి స్ప్రింగ్ కంప్రెసర్ అవసరం లేదు. దించేటప్పుడు ఒక మనిషి పని గొట్టాలను చూడటమే: బ్రేకు రబ్బరు గొట్టం, ఏబీఎస్ వైరు, యాక్సిల్ బ్రీదర్ గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు. వీటి క్లిప్పులు ముందే తీసేయాలి. యాక్సిల్ బరువు బ్రేకు గొట్టం మీద వేలాడిందంటే బయటికి ఏమీ కనిపించకపోయినా లోపలి పొర చీలుతుంది.

ముందువైపు స్టెబిలైజర్ బార్ లింకులు విప్పాలి, ల్యాటరల్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) ఒక కొస వదిలితే యాక్సిల్ ఇంకా దిగుతుంది. ముందు హబ్‌లకు వెళ్లే వాక్యూమ్ గొట్టాలు ఉన్నాయి, జాగ్రత్త. అవి ఊడినా, చీలినా హబ్ లాక్ కాదు, అంటే చక్రం యాక్సిల్‌తో కలవదు. లీవర్ 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగే స్థానంలో) ఉంటుంది, 4డబ్ల్యూడీ దీపం మిణుకుతూనే ఉంటుంది, ముందు చక్రాలకు పట్టు రాదు. అది తెలిసేది వాగు మధ్యలో!

కొత్త స్ప్రింగు పెట్టేటప్పుడు పైన రబ్బరు సీటు మర్చిపోవద్దు. కింద కాయిల్ కొస సీటులోని మెట్టుకు ఆనాలి. ఆ మెట్టుకీ కాయిల్ కొసకీ మధ్య వేలు దూరిందంటే తిప్పి మళ్లీ పెట్టించండి. బరువు పడ్డాక అది తనంతట తాను తిరుగుతుంది, అప్పుడు ఒక పక్క ఎత్తు తేడా వస్తుంది, "టంగ్" మని చప్పుడూ వస్తుంది. కుడి ఎడమ స్ప్రింగులకు వేర్వేరు గుర్తులుంటే మార్చి పెట్టకూడదు, డ్రైవర్ వైపు కొద్దిగా పొడుగు ఉంటుంది.

ఇక అసలు తప్పు జరిగే చోటు. బండి గాల్లో ఉండగానే ఆర్ముల (యాక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే కడ్డీల) బోల్టులు, షాకు బోల్టులు ఇంపాక్ట్ గన్‌తో బిగించేస్తారు. అలా చేయనివ్వద్దు.

కమాన్‌కట్ట

డిఫ్‌లాక్ గారు ఆపిన చోట నేను అందుకుంటా, ఎందుకంటే ఇది సగం గ్యారేజీలవాళ్లు తెలిసీ చెయ్యరు. ఆ బోల్టులు దూరే చోట బుష్ ఉంటుంది. దానిలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. అది జారదు, మెలితిరుగుతుంది. చక్రం వేలాడే స్థితిలో బిగిస్తే, బండి కిందికి దిగాక ఆ రబ్బరు రోజంతా మెలితిరిగే ఉంటుంది. కొన్నాళ్లకే చీలుతుంది. అంతవరకూ బండిని కొద్దిగా పైకి పట్టి ఉంచుతుంది కాబట్టి "భలే లేచింది" అనుకుంటారు, తర్వాత "స్ప్రింగు కూర్చుండిపోయింది" అని స్ప్రింగుని తిడతారు.

పద్ధతి ఏమిటంటే, లీడింగ్ ఆర్ములు, ట్రైలింగ్ ఆర్ములు, ల్యాటరల్ రాడ్లు, షాకులు, అన్ని బోల్టులూ చేతి బిగువుతో వదిలి, చక్రాలు వేసి, బండి నేల మీద దించి, నాలుగు మూలలా ఊపి, పది ఇరవై మీటర్లు ముందుకీ వెనక్కీ మెల్లిగా నడిపి, అప్పుడు బరువు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచ్‌తో బిగించాలి. అంకెలు వర్క్‌షాప్ మాన్యువల్‌లో బోల్టు బోల్టుకీ ఉంటాయి. చక్రాల నట్లు 100 న్యూటన్ మీటర్లు. 500 కిలోమీటర్లు తిరిగాక అన్నీ మరోసారి చూడాలి.

షిమ్_వాషర్

కాస్టర్ గురించి కాస్త పొడుగ్గా చెప్పాలి, షాపువాళ్లు చెప్పనిది ఇదే.

ముందు యాక్సిల్‌ని పట్టుకునే లీడింగ్ ఆర్ములు ఛాసిస్ దగ్గర వెనక కొసన తిరుగుతాయి, ముందు కొసన యాక్సిల్‌కి గట్టిగా బిగిసి ఉంటాయి. ఛాసిస్ లేచిందంటే ఆర్ము ముందు కొస దిగువకు వాలుతుంది, దాంతో యాక్సిల్ మొత్తం ముందుకు దొర్లుతుంది. కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) పైభాగం వెనక్కి వాలి ఉండాల్సింది నిటారుకు దగ్గరవుతుంది. అంటే కాస్టర్ తగ్గింది.

ఎంత తగ్గుతుంది? ఛాసిస్ బోల్టు నుంచి యాక్సిల్ మధ్య దాకా టేపుతో కొలవండి. లిఫ్ట్‌ని ఆ కొలతతో భాగించి 57.3తో హెచ్చించండి. కొలత 800 వచ్చిందనుకుంటే 40కి 2.9 డిగ్రీలు, 50కి 3.6. ఎక్కువ కాస్టర్ లేని బండికి ఇది చిన్న నష్టం కాదు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. 80 దాటితే బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది, లారీ దాటినప్పుడు గాలికి తేలిపోయినట్టుంటుంది. కొందరు దీన్ని టైర్ల గాలి మీదికి, స్టీరింగ్ డ్యాంపర్ మీదికి నెట్టేస్తారు. డ్యాంపర్ మారిస్తే వణుకు కొన్నాళ్లు అణిగినట్టుంటుంది, కాస్టర్ మాత్రం రాదు.

మార్గం కాస్టర్ బుష్‌లు. ఆర్ము యాక్సిల్‌ని పట్టుకునే చోట రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉండే బుష్‌లు. పాతవి హైడ్రాలిక్ ప్రెస్‌తో తీసి కొత్తవి కొట్టాలి. దిశ తప్పితే కాస్టర్ ఇంకా తగ్గుతుంది, కాబట్టి ప్రెస్ చేసే ముందే గుర్తు పెట్టించండి, రెండు పక్కలా ఒకేలా ఉందా చూడండి.

ఇక్కడ ఒక ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. కాస్టర్ వెనక్కి తెస్తే యాక్సిల్ వెనక్కి దొర్లుతుంది, పినియన్ ముక్కు (డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ కలిసే కొస) కిందికి పోతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది. అతిగా సరిచేస్తే 4హెచ్‌లో 60 దగ్గర కింద నుంచి గుర్రుమనే వణుకు మొదలవుతుంది. పోయిన మూడు డిగ్రీల్లో రెండు తిరిగి వచ్చినా స్టీరింగ్ బాగుంటుంది. మొత్తం రాబట్టాలని పట్టుబట్టొద్దు.

నల్లరేగడి

స్ప్రింగులు వేసిన బండికి కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించి "అంతా ఓకే" అని చీటీ ఇస్తున్నారు. మరి కాస్టర్ తగ్గితే అందులో కనపడాలి కదా సార్?

షిమ్_వాషర్

చాలాచోట్ల టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) ఒక్కటే చూస్తారు, ఎందుకంటే ఈ బండిలో వాళ్లు తిప్పగలిగేది రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఒక్కటే. టై రాడ్ యాక్సిల్ మీదే ఉంటుంది కాబట్టి ఎత్తు పెరిగినా టో పెద్దగా మారదు, పచ్చరంగే చూపిస్తుంది. కాస్టర్ తెలియాలంటే చక్రాన్ని టర్న్ ప్లేట్ల మీద అటూ ఇటూ తిప్పి కొలవాలి. "కాస్టర్ స్వింగ్ చేసి అంకె రాసివ్వండి" అని అడగండి. స్ప్రింగులకు ముందొకటి, తర్వాతొకటి తీసుకుంటే ఎంత సరిచేయాలో ఊహించనక్కర్లేదు.

వికారాబాద్_ట్రాక్స్

ల్యాటరల్ రాడ్ గురించి జెర్ర చెప్పుండ్రి. ఎత్తు పెంచినంక ఎనకనుంచి చూస్తే టైరు ఒక దిక్కు బయటికొచ్చినట్టు కనిపిస్తది.

డిఫ్‌లాక్

అది నిజమే అన్నా. ఆ రాడ్ ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస యాక్సిల్‌కి. ఛాసిస్ లేస్తే రాడ్ మరింత ఏటవాలై, ఛాసిస్ కొస ఏ పక్కనుంటే యాక్సిల్ ఆ పక్కకు లాగబడుతుంది. 850 మి.మీ. రాడ్ అనుకుని లెక్కేస్తే, మొదట ఉన్న వాలును బట్టి 50 లిఫ్ట్‌కి 5 నుంచి 8 మి.మీ. జరుగుతుంది. 40కి ఇంకా తక్కువ. రోడ్డు మీద తెలియదు, ఇబ్బందీ లేదు. 40కి అడ్జస్టబుల్ రాడ్ కొనకపోయినా ఏమీ కాదు, కొంటే వెనకది ముందు కొనండి. ముందు రాడ్ డ్రాగ్ లింక్‌తో (స్టీరింగ్ తిప్పుడును చక్రానికి చేర్చే కడ్డీతో) దాదాపు సమాంతరంగా ఉండాలి. ఒక్క రాడ్ బ్రాకెట్ మాత్రం దించి డ్రాగ్ లింక్‌ని వదిలేస్తే ప్రతి గతుకుకీ స్టీరింగ్ చేతిలో మెలితిరుగుతుంది.

స్టీరింగ్ చక్రం వంకరగా నిలబడటం వేరే సంగతి. డ్రాగ్ లింక్ వాలడం వల్ల అది వస్తుంది. దాన్ని డ్రాగ్ లింక్ లాక్ నట్లు వదులు చేసి, లింక్ పొడవు సరిచేసి నిటారు చేయాలి. స్టీరింగ్ చక్రం పీకి పళ్ల మీద ఒక గడి తిప్పి పెట్టేవాళ్లున్నారు, అది చేయించకండి. ఈ బండికి ఈఎస్పీ (బండి జారకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే వ్యవస్థ) ఉంది, స్టీరింగ్ కోణం సెన్సార్ ఉంది. బండి తిన్నగా పోతుంటే సెన్సార్ తిరిగి ఉందని చెబితే, ఈఎస్పీ దీపం వెలుగుతుంది. వెలగకపోతే ఇంకా ప్రమాదం, అనవసరంగా ఒక చక్రానికి బ్రేకు వేస్తుంది.

టాప్‌లెస్_థార్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 2020 తర్వాతి థార్‌కి కూడా ఇదే పద్ధతేనా?

కమాన్‌కట్ట

వెనక ఇంచుమించు ఇదే, అక్కడ రిజిడ్ యాక్సిల్ ఉంది. ముందు పూర్తిగా వేరు. డబుల్ విష్‌బోన్, షాకు చుట్టూ కాయిల్. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పైనట్టు విప్పితే కాయిల్ తుపాకీ గుండులా వస్తుంది, రోడ్డు పక్కన చేసే పని కాదు. ఎత్తు పెంచితే సీవీ జాయింట్ (చక్రానికి శక్తి అందించే కీలు) కోణం పెరిగి దాని రబ్బరు బూట్లు చిరుగుతాయి, పై బాల్ జాయింట్ చివరిదాకా పోతుంది. క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), టో రెండూ మారతాయి, అలైన్‌మెంట్ తప్పనిసరి.

పాత జిప్సీవాళ్లు అడగకముందే చెప్తున్నా. కమాన్ కట్టలకు పొడుగు షాకిల్ (కట్ట కొసను ఛాసిస్‌కి కలిపే కీలు) వేస్తే, షాకిల్ 50 పెరిగితే బండి లేచేది 25. పైగా యాక్సిల్ వాలు మారి కాస్టర్ చెడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో గానీ ఇంకెక్కడ గానీ కట్ట విప్పించి వంపు పెంచి కొట్టించినా, ఒక ఆకు ఎక్కువ వేయించినా, యూ బోల్టులు మాత్రం కొత్తవే వేయించండి. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ అంతే బిగువు పట్టదు, బిగువు లేకపోతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరుగుతుంది.

ఘాట్‌రోడ్

ఆర్టీఓ, ఇన్సూరెన్సు సంగతి?

షిమ్_వాషర్

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన అసలు వివరాలకు తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కిట్ అమ్మేవాడు "40 ఎవరికీ కనపడదు" అంటాడు. కనపడకపోవడం వేరు, అనుమతి ఉండటం వేరు. ఇన్సూరెన్సు కంపెనీకి ముందే రాసి తెలియజేయండి, లేకపోతే క్లెయిమ్ రోజున సర్వేయర్ దీన్నే పట్టుకుంటాడు. సస్పెన్షన్, డ్రైవ్‌లైన్ వారంటీ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

నల్లరేగడి

ఎత్తు పెరిగాక ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొడుతుంటారు. అది 40 మి.మీ.కే జరుగుతుందా?

డిఫ్‌లాక్

నాలుగు మూలలా సమానంగా 40 లేస్తే కాంతి కూడా 40 మాత్రమే లేస్తుంది, అది సమస్య కాదు. ముందు వెనకల కంటే ఎక్కువ లేచినప్పుడే చిక్కు. 2,590 వీల్‌బేస్ మీద ముందు 20 మి.మీ. ఎక్కువ లేచిందంటే, 50 మీటర్ల దూరంలో కాంతి దాదాపు 39 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఎదుటివాడి కళ్లలోకే. అందుకే మొదట తీసుకున్న ఫెండర్ కొలతలు మళ్లీ తీయాలి. స్ప్రింగులు సర్దుకోవడానికి 500 కిలోమీటర్లు ఇచ్చి, బోల్టులు మళ్లీ చూసే రోజునే, ట్యాంకు మొదటిసారి ఉన్నంతే ఉంచి కొలవండి. ఆ తర్వాతే గోడ ముందు లైట్లు సరిచేయించండి. మొదటి రోజు చేయిస్తే రెండోసారి డబ్బులు కట్టాలి.

ఘాట్‌రోడ్

అయితే 40 కిట్, జత షాకులు, కాస్టర్ బుష్‌లు. బంపర్ ఇప్పటికి వద్దు. వేయించే ముందు కాస్టర్ అంకె తీయించి ఇక్కడే పెడతా.

షిమ్_వాషర్

లీడింగ్ ఆర్ము పొడవు కూడా కొలిచి పెట్టండి. బుష్ ఎన్ని డిగ్రీలది కొనాలో దాన్నిబట్టి చెప్పొచ్చు.